బరువు పోస్టు

ప్రశాంతత కుదిరిన ఉద్యోగులు గాలిలోకి లేస్తున్నారని తెలిసి జిల్లా కార్యాలయంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఫ్యాన్లు విప్పించి, కిటికీలకు వలలు కొట్టించారు. పొద్దున ధ్యానం తరగతి అవగానే సెక్షన్లు సెక్షన్లుగా పైకి వెళ్లేవారు. గుమస్తాలు టేబులెత్తున, సూపరింటెండెంట్లు తలుపెత్తున తేలాలని ఉత్తర్వు వచ్చింది. సంక్షేమ అధికారి పరాంకుశం గారైతే సీలింగుకు వీపు ఆనించి, పాలు తాగి పడుకున్న పసిబిడ్డలా ఉండేవారు.

ఇబ్బందల్లా ఒకటే. తలుపు తీస్తే చాలు, గాలికి ఎవరో ఒకరు వరండాలోకి కొట్టుకుపోయేవారు. అందుకని ఒక్కొక్కరి నడుముకు తాడు కట్టి, రెండో కొస నేలమీద నిలబడగల మనిషి చేతికివ్వాలని తీర్మానించారు. ఆ పోస్టు పేరు బరువు. అర్హత, తీరని బాధ. ఈ జిల్లాలో దానికేం కొదవ? నోటిఫికేషన్ పడిన రోజు లైను గేటు దాటి బస్టాండుదాకా పోయింది.

అలా చేరిన మనిషే పోలమ్మ. ఆమె కొడుకు అసిరినాయుడు తాపీమేస్త్రి. ఈ కార్యాలయం వెనకాలే ధ్యానమందిరం కడుతుంటే, తడి ఆరని గోడ కూలి మీదపడి చచ్చిపోయాడు. అంత తొందరగా గోడ లేపమన్నదెవరో విచారించమని పోలమ్మ అర్జీ పెట్టుకుంది. అర్జీ పరాంకుశం గారి దగ్గరికి, అంటే సీలింగు దగ్గరికి వెళ్లింది. మళ్లీ కిందికి రాలేదు. ఇంటర్వ్యూలో ఆమెను తూచినవాళ్లు, ఇంత బరువు ఎక్కడా చూడలేదని మెచ్చుకుని, పరాంకుశం గారి తాడే ఆమె చేతికిచ్చారు.

పోలమ్మకు భక్తి లేదనుకుంటే పొరపాటు. రోజూ దీపం పెట్టి అమ్మవారితో దెబ్బలాడేది. "నా గుంటడు నీకేటి ద్రోహం సేసినాడే? నీ కళ్లేటైపోనాయి?" అని నిలదీసేది. వాళ్ల పేటలో అమ్మవారిని తిట్టడం తప్పు కాదు, ఇంటి ఆడపడుచును అన్నట్టే అంటారు. తిట్టాల్సిందంతా తిట్టి, చీర చెంగుతో పటం తుడిచి, టీ తాగి పనికి బయల్దేరేది. ఆ తిట్లే ఆమెను నిలబెట్టాయి.

పరాంకుశం గారికి ఆమెను చూస్తే జాలి.

"కోపం ఒంటికి మంచిది కాదమ్మా. బీపీ వస్తుంది," అన్నారు పైనుంచి.

"వచ్చిందండి బాబూ, మాత్రలేసుకుంటన్నాను. మా ఓడి సంగతేటి సేసినారు?"

"మన చేతుల్లో ఏముంది తల్లీ? అంతా పైవాడి లీల."

"గోడ లేపమన్నది పైవోడు కాదు కదండీ. తవరే."

ఆయన చిరునవ్వు చెదరలేదు. దయతలచి, మర్నాడు ఆమెను కూడా ధ్యానం తరగతిలో కూర్చోబెట్టమని ఆదేశించారు. గురువుగారు గొంతు మెత్తగా చేసి, మనసులో ఉన్న మనిషిని తీసి పక్కన పెట్టమన్నారు. పోలమ్మ పెట్టింది. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. గుండెల్లో మంట తగ్గింది, కూర్చున్న చాప కింద చల్లగాలి ఆడింది. అలా బెత్తెడు లేచాక కొడుకు మొహం గుర్తుచేసుకోబోయింది. ముక్కు గుర్తొచ్చింది గాని కళ్లు గుర్తు రాలేదు. పోలమ్మకు ఒళ్లు మండిపోయింది. రెండు మడమలూ ధడాలున నేలకేసి కొట్టింది.

"ఈ సుకం నానొల్లను," అని లేచి, నేరుగా పరాంకుశం గారి గదికి వెళ్లి తాడు అందుకుని లాగడం మొదలుపెట్టింది.

టేబులెత్తున తేలుతున్న గుమస్తా కూర్మారావు కంగారుపడ్డాడు. "పోలమ్మా, అధికారుల్ని కిందికి లాక్కూడదు! రూల్సు ఒప్పుకోవు!"

"ఏ రూలో తీసి సూపించు బాబూ."

రూల్సు పుస్తకం బీరువా అడుగు అరలో ఉంది. అక్కడికి వంగడానికి కూర్మారావు ప్రశాంతత అడ్డొచ్చింది.

పరాంకుశం గారి పాదాలు నేలకు తగిలాయి. సీలింగు నుంచి కనిపించని కిటికీ అవతల, కూలిన గోడ ఇటుకలు ఇంకా అలాగే పడి ఉన్నాయి. వాటి మధ్య ఒక చెప్పు. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత భోరుమని ఏడ్చి, "అబ్బాయి పేరేంటమ్మా?" అని అడిగారు. విచారణ జరపాలని అప్పటికప్పుడు సంతకం పెట్టారు.

మర్నాడు వైద్యుల బోర్డు ఆయనకు నేల తగిలిందని నిర్ధారించి సెలవు మీద పంపింది. జబ్బులో పెట్టిన సంతకం చెల్లదని విచారణ రద్దు చేశారు. కొత్త అధికారి వచ్చారు. ముందుజాగ్రత్తగా ఆ గదికి కప్పు తీసేసి, ఆయన్ను మేడకంటే పైకి వదిలారు. అంతటి ఎత్తుకు సరిపడే బరువు ఇంకెవరి దగ్గరా లేదు కాబట్టి, ఆ తాడునూ పోలమ్మకే ఇచ్చారు.

పోలమ్మ తలెత్తి చూసింది. ఆయన గాలిపటమంత ఉన్నారు. సంచిలోంచి అసిరినాయుడి పాత చొక్కా తీసి, తాడు కోసుకోకుండా అరచేతులకు చుట్టుకుంది. వరండాలో కూర్చున్న మిగతా బరువులు ఆమెను చూశారు. ఒకరి తర్వాత ఒకరు తువ్వాళ్లు చేతులకు చుట్టుకుంటూ లేచారు. పైనుంచి కొత్త అధికారి, అందరికీ శాంతి కలగాలని దీవించారు. ఆ దీవెన కిందికి చేరేలోపు పోలమ్మ మొదటి మూర లాగేసింది.