గుండిగలో దుంగ

ఆ ఆదివారం ఉదయం మోహనకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. దుంగను మూడు గంటలు ఉడకబెట్టాలి. చల్లార్చాలి. హాల్లో ఉన్న అద్దాల చేపల తొట్టిలో దించాలి. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక క్లాసు చెప్పడానికి చేబ్రోలు వెళ్లిన భార్య హిమబిందు పన్నెండున్నరకు ఇంటికి వచ్చేసరికి తొట్టిలో లైటు వేసి పక్కన నిలబడాలి. ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో ఫైళ్లు కదిలించిన మనిషికి ఒక కట్టెను కదిలించడం ఏమంత పని అనుకున్నాడు.

ఆ దుంగ నెలన్నర కిందట బాపట్లలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు సూర్యలంక ఒడ్డున దొరికింది. అలలు అరగదీసి నున్నగా చేసిన చెట్టు వేరు. రెండున్నర అడుగుల పొడుగు, మూడు కొమ్ములు. చూడగానే మనసు పారేసుకుని, పట్టు పంచె మీదే దాన్ని భుజాన వేసుకుని పాసింజరు రైల్లో తెనాలి తెచ్చాడు. తొట్టిలో ప్లాస్టిక్ కోటలూ బొమ్మలూ కాకుండా అసలైన కర్ర ఉంటే, నాచు తినే నల్ల చేప దాన్ని గీక్కుంటూ హాయిగా బతుకుతుందని అతను ఎక్కడో చదివాడు. అయితే సముద్రపు ఉప్పు దిగేదాకా నానబెట్టాలి. అంత పొడుగు పాత్ర ఇంట్లో లేక, తిన్నగా తీసుకెళ్లి మేడ మీది నీళ్ల ట్యాంకులో పడేశాడు.

మూడో రోజుకు ఇంట్లో కుళాయిలన్నీ టీ పోయడం మొదలుపెట్టాయి. హిమబిందు తెల్ల చీరాల చీర తాటిబెల్లం రంగుకు తిరిగింది. దుంగ ట్యాంకులోంచి కొత్తగా కొన్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి మారింది. అక్కడ రోజూ నీళ్లు మారుస్తూ మూడు వారాలు నానబెట్టాడు. దుంగ కోసమని బొమ్మలన్నీ తీసేసిన తొట్టి హాల్లో బోసిగా పడి ఉంది. అప్పటికి ఆమె ఓపిక అయిపోయింది.

“ఆదివారం సాయంత్రానికి ఆ తొట్టి తొట్టిలా కనపడాలి,” అంది. “లేదంటే వెంకట్ వచ్చి రేపల్లె పట్టుకుపోతాడు. ట్రాలీ ఆటో కూడా మాట్లాడుకున్నాడు.”

వెంకట్ ఆమె తమ్ముడు. రేపల్లెలో సెల్‌ఫోన్ల షాపు. కౌంటరు పక్కన పెట్టుకుంటే భలే ఉంటుందని ఏడాదిగా ఆ తొట్టి మీద కన్నేశాడు. మోహనకృష్ణకేమో ఆఫీసు నుంచి వచ్చి దాని ముందు కూర్చునే అరగంటే రోజు మొత్తంలో తనదనిపించే సమయం. అది వెళ్లిపోతుందన్న ఆలోచనకే అతనికి అన్నం సహించలేదు. అందుకే శనివారం రాత్రే గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఏమైనా సరే, దుంగ ఉడకాల్సిందే.

దానికి గుండిగ కావాలి. గుండిగలు వజీర్ దగ్గరున్నాయి. ఊళ్లో పెళ్లిళ్లకు బిర్యానీ వండే వజీర్‌కు తన గుండిగలంటే ప్రాణం. గరిటె గట్టిగా తగిలినా ఊరుకోడు. అందులో కట్టె ఉడకబెడతానంటే గుమ్మం కూడా ఎక్కనివ్వడు. కాబట్టి మోహనకృష్ణ ఒకే ఒక్క అబద్ధం ఆడాడు.

“ఇంట్లో చిన్న కార్యక్రమం భాయ్. ఓ పెద్ద గుండిగ కావాలి.”

“మటనా, చికెనా సార్?”

“శాకాహారం.” ఆ మాట వరకు అబద్ధం కాదని అతను సమాధానపడ్డాడు.

“వండేదెవరు?”

“నేనే.”

వజీర్ అతన్ని ఎగాదిగా చూశాడు. “మీ గృహప్రవేశానికి వండింది నేను సార్. ఇవాళ మీరే వండుకుంటారా? సరే, మీ ఇష్టం. తీసుకెళ్లండి.” ఇంకెవరో వంటవాడికి పని ఇచ్చి గుండిగ మాత్రం తన దగ్గర తీసుకెళుతున్నాడని వజీర్ మనసులో అనుకున్నాడు. నొచ్చుకున్నాడు కూడా.

ఒక ఇంటి ముందు గుండిగ దిగిందంటే ఆ వీధిలో దానికి ఒకటే అర్థం. ఎదురింటి ప్రమీలారాణి చేతిలో పళ్లు తోముకునే బ్రష్‌తోనే గేటు దగ్గరికి వచ్చేసింది.

“ఏంటన్నయ్యగారూ, విశేషం?”

పక్కనే వజీర్ మనిషి గుండిగ దించుతున్నాడు. నిజం చెబితే గుండిగను మళ్లీ ఆటో ఎక్కించేస్తాడు. “చిన్న కార్యక్రమం చెల్లెమ్మా,” అన్నాడు మోహనకృష్ణ.

“ఏం కార్యక్రమమండి?”

“మధ్యాహ్నానికి మీకే తెలుస్తుందిగా.”

ఆమె అర్థమైందన్నట్టు తలూపింది. ఏమీ అర్థం కాలేదు. కానీ మధ్యాహ్నానికి తెలుస్తుందంటే మధ్యాహ్నానికి రమ్మన్నట్టే గదా అని లోపలికెళ్లి పట్టుచీర తీసింది.

వాకిట్లో ఓ మూల ఇటుకలు పేర్చి, కట్టెలు వెలిగించి, మోహనకృష్ణ దుంగను నీళ్లలో దించాడు. దించిన ప్రతిసారీ అది తేలింది. ఒక కొమ్ము నొక్కితే ఇంకో కొమ్ము లేచింది. అతను వదిలే రకం కాదు. మూత బోర్లించి, మూత మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించి, అంచుల చుట్టూ తడిగుడ్డ చుట్టాడు. గోడ మీంచి చూసిన ప్రమీలారాణికి అనుమానమేమైనా మిగిలి ఉంటే అదీ తీరిపోయింది. దమ్ము పెట్టారు.

ఆమె పుట్టిల్లు కూడా రేపల్లే. హిమబిందు తల్లి సుశీలమ్మ ఫోన్ నంబరు ఆమె దగ్గర ఎప్పటినుంచో ఉంది.

“పిన్నిగారూ, మీరింకా బయల్దేరలేదా?”

కూతురింట్లో శుభకార్యం జరుగుతుంటే తనకు పిలుపు లేదని ఎదురింటావిడ ముందు ఒప్పుకోవడం సుశీలమ్మ వల్ల కాలేదు. “బయల్దేరుతున్నామమ్మా. ఆటో కోసమే చూస్తున్నాం,” అని ఫోన్ పెట్టేసి వెంకట్ మీద విరుచుకుపడింది. ఎలాగూ సాయంత్రానికి తొట్టి కోసం మాట్లాడిన ట్రాలీ ఆటో ఉండనే ఉంది. పదింటికల్లా అందులో సుశీలమ్మ, వెంకట్, పిన్నులూ బాబాయిలూ కలిపి తొమ్మిది మంది ఎక్కారు. దారిలో ఒక్కరు కూడా కార్యక్రమం ఏమిటని హిమబిందుకు ఫోన్ చేయలేదు. అడిగితే తమకు తెలియదని తెలిసిపోతుంది. ఈ సంగతులన్నీ మోహనకృష్ణకు తర్వాతెప్పుడో తెలిశాయి.

అప్పటికి అతనికి తెలిసిందల్లా, పదకొండున్నరకు నాలుగిళ్ల వాళ్లు ముస్తాబై, కుర్చీలు కూడా వాళ్లే తెచ్చుకుని తన వాకిట్లో కూర్చున్నారని. ఎందుకొచ్చారని అడిగితే పొమ్మన్నట్టుంటుంది. మజ్జిగ కలిపి ఇచ్చాడు. వాళ్లు తాగి, గుండిగ వైపు ఒకసారి చూసి, ఎండ గురించి మాట్లాడుకున్నారు. అంతలో ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనకాల కమ్ములు పట్టుకుని నిలబడ్డ అత్తగారిని చూసి మోహనకృష్ణ మజ్జిగ చెంబుతోనే గేటు దాకా వెళ్లాడు.

“రండి అత్తయ్యగారూ.”

“పిలుపు అందిందిలే అల్లుడుగారూ,” అంది సుశీలమ్మ. అరటి గెల అతని చేతుల్లో పెట్టి, ముఖం చూడకుండా వెళ్లి పెద్ద కుర్చీలో కూర్చుంది.

వెంకట్ మెల్లిగా పక్కకొచ్చాడు. “బావా, ఇంతకీ...” అని ఆగిపోయాడు. తల్లి చూస్తోంది. “ఇంతకీ ఎండలు బాగా ముదిరాయి కదా,” అని ముగించాడు.

పన్నెండున్నరకు హిమబిందు స్కూటీ గేటు దగ్గర ఆగింది. ఇరవై రెండు మంది. ముందు వరసలో అమ్మ. తన ఇంట్లో జరుగుతున్నది ఏ శుభకార్యమో తానే అడిగే దారి ఆమెకూ లేదు. భర్త వైపు చూసింది. భర్త గుండిగ వైపు చూశాడు. వానకు నానిన తలుపు వాసన వస్తోంది. ఆమెకు సంగతి తెలిసిపోయింది. వెనకనే మోటారు సైకిల్ మీద వజీర్ వచ్చాడు. తన గుండిగలో వండుతున్న ఆ కొత్త వంటవాడెవరో చూడకుండా ఉండలేకపోయాడు పాపం. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్లి గాలి పీల్చాడు.

“ఎవరు సార్ ఈ దమ్ము పెట్టింది? మసాలా వాసనే లేదు.”

మోహనకృష్ణ అడ్డుపడేలోపు అతను పొత్రం దించి మూత ఎత్తాడు. ఎర్రగా మరుగుతున్న నీళ్లలోంచి మూడు కొమ్ములూ ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచాయి.

“శాకాహారమన్నారు గదా సార్,” అన్నాడు వజీర్ నెమ్మదిగా. “ఇదేం జంతువు?”

“శాకాహారమే భాయ్. చెట్టు వేరు.”

సుశీలమ్మ లేచి నిలబడింది. “హిమా, ఏంటమ్మా ఇది? మీ ఆయన కట్టె ఉడకబెట్టుకోవడానికా మేం ఇంతమందిమీ వచ్చింది?”

ఇక అంతా అయిపోయిందని మోహనకృష్ణ అనుకున్నాడు. తొట్టి రేపల్లె వెళ్లడం ఖాయం. తనను కూడా అదే ఆటోలో ఎక్కించినా ఎక్కిస్తారు. సరిగ్గా అప్పుడు వెంకట్ నవ్వాడు. హాల్లో ఉన్న తొట్టి వైపు చూసి మరీ నవ్వాడు. ఆ నవ్వు హిమబిందు కంటపడింది. తన మొగుణ్ని తాను ఎన్నైనా అంటుంది గానీ, తన వాకిట్లో నిలబడి తమ్ముడు నవ్వితే ఊరుకునే మనిషి కాదు. హ్యాండ్‌బ్యాగ్ కుర్చీలో పెట్టింది.

“ఇవాళ మా తొట్టి ప్రారంభం అమ్మా. మీ అందరికీ చెప్పమని వెంకట్‌తో అన్నానే. చెప్పలేదా?”

వెంకట్ నవ్వు అక్కడే ఆగిపోయింది. సుశీలమ్మ కొడుకు వైపు తిరిగింది. “నిన్నేరా! చెప్పలేదేం?”

హిమబిందు క్లాసులో నిలబడ్డట్టు గుండిగ పక్కన నిలబడింది. “ఇది సముద్రంలోంచి వచ్చిన కర్ర. ఊరికే తొట్టిలో పెడితే ఉప్పు దిగి చేపలు చచ్చిపోతాయి. అందుకని రోజూ నీళ్లు మారుస్తూ మూడు వారాలు నానబెట్టారు. ఇప్పుడు ఉడకబెడితే లోపలి పురుగులూ క్రిములూ పోతాయి. ఈ రంగు చూసి మురికనుకునేరు, అది చెక్కలోని వగరు. తొట్టిలో పెట్టాక నాలుగు రోజులు తెల్లగా బూజులా పడుతుంది. కంగారు పడక్కర్లేదు. చేపలే తినేస్తాయి.”

మోహనకృష్ణ నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆ బూజు సంగతి అతను నెల కిందట చెప్పాడు. అప్పుడామె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తల కూడా ఎత్తలేదు. గోడకు చెబుతున్నాననుకుని మధ్యలో ఆపేశాడు. ఆమె ప్రతి ముక్కా విన్నది. ఈ ఇంట్లో తన మాట ఒకరు వింటున్నారని తెలిసి అతనికి నిజంగానే గుండె నిండింది. పొగ కళ్లలో పడ్డట్టు నటిస్తూ కాసేపు పక్కకు తిరిగాడు.

“మేడమ్ చెప్పింది బాగానే ఉంది,” అన్నాడు వజీర్. “నా గుండిగలో కట్టె ఉడికిందని ఊళ్లో తెలిస్తే నన్నొక్క పెళ్లికి పిలవరు. ఇవాళ ఇక్కడున్నవాళ్లందరూ నా చేతి బిర్యానీ తిని వెళ్లాలి. ఇంకో గుండిగ తెస్తా.”

అతను వంట మొదలుపెట్టాడు. మోహనకృష్ణ చల్లారిన దుంగను మళ్లీ తేలకుండా నాపరాయి ముక్కకు నైలాన్ దారంతో కట్టి తొట్టిలో దించాడు. ప్రమీలారాణి రిబ్బను తెచ్చింది. సుశీలమ్మ కొబ్బరికాయ కొట్టింది. హిమబిందు కత్తెర తీసుకెళ్లి అందరి ముందూ తమ్ముడి చేతిలోనే పెట్టింది. అతను తప్పించుకోవడానికి దారి వెతికాడు. దొరక్క, రిబ్బను కత్తిరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నల్ల చేప అద్దం వదిలి వచ్చి దుంగ మీద అంటుకుంది.

ఆటో డ్రైవరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. “సార్, తొట్టి ఎక్కించమంటారా?”

“ఏం తొట్టి?” అన్నాడు వెంకట్.

సాయంత్రానికి అందరూ తిని, మిగిలింది గిన్నెల్లో సర్దుకుని వెళ్లిపోయారు. మోహనకృష్ణ తిట్లు తినడానికి సిద్ధపడి హాల్లోకి వచ్చాడు. తొట్టి ముందు అతని కుర్చీలో హిమబిందు కూర్చుని ఉంది.

“ఆ కొమ్ము కాస్త ఎడమకు తిప్పండి,” అంది. “నల్ల చేప కనపడటం లేదు.”

అతను తిప్పాడు.

“అంత కాదు.”

మళ్లీ తిప్పాడు.

“మీరు తప్పుకోండి, నేను చూస్తాను,” అని ఆమె గాజులు వెనక్కి నెట్టుకుని మోచేతి దాకా చెయ్యి ముంచింది.

తొట్టి రేపల్లె వెళ్లలేదు గానీ, అందులో చెయ్యి పెట్టాలంటే మోహనకృష్ణ ఇప్పటికీ హిమబిందును అడిగి పెడతాడు.