సవరించిన గత సంవత్సరాలు

రాయదుర్గంలోని ఒక సెమీకండక్టర్ కంపెనీ తన సెన్సర్ చిప్పుల విభాగాన్ని అమ్మేసినప్పుడు, నిబంధన ప్రకారం అందులో పనిచేసిన నూట పన్నెండు మందిని ఆ ఏటి నుంచే కాక, గడిచిన పదకొండేళ్ళ నుంచి కూడా తీసేయవలసి వచ్చింది. ఆ పని అకౌంట్స్‌లో సీనియర్ మేనేజరుగా ఉన్న పెమ్మరాజు హైమవతికి అప్పగించారు. ఆవిడకు నలభై తొమ్మిదేళ్ళు. కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాటులో ఒక్కతే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా కొన్నేళ్ళుగా అడగడం మానేశారు.

నిబంధన కొత్తదేమీ కాదు. అమ్మేసిన విభాగాన్ని పాత లెక్కల్లో ఉండనిస్తే కంపెనీ నిరుడు పెద్దదిగానూ ఈ ఏడు చిన్నదిగానూ కనిపిస్తుంది. చదివేవాళ్ళు ఏదో పోయిందని కంగారు పడతారు. అందుకని వెనక్కి వెళ్ళి, ఆ విభాగం ఎన్నడూ లేనట్టుగా పాత సంవత్సరాలన్నిటినీ సవరించాలి. దానివల్ల కలిగిన మంచీ చెడూ అంతా కలిపి అడుగున ఒక్క వరసలో ఒక్క అంకెగా చూపించాలి. ఆ వరస పేరు ‘నిలిపివేసిన కార్యకలాపాలు’. డైరెక్టర్లు సంతకాలు పెట్టిన రోజున, మిగిలిన ఉద్యోగుల జ్ఞాపకాలు కూడా సవరించిన లెక్కతో సరిపోతాయి. మునుపు ప్యాకేజింగ్ విభాగాన్ని అమ్మినప్పుడూ ఇలాగే చేశారట. అది ఎవరికీ గుర్తులేదు కనుక సజావుగానే జరిగి ఉంటుందని అందరూ నమ్మారు.

నవంబరు మొదటి తేదీన ఆ నూట పన్నెండు మందినీ ‘అమ్మకానికి సిద్ధంగా ఉన్నవి’ అనే శీర్షిక కిందికి మార్చారు. ఆ శీర్షిక కింద ఉన్నవాటికి తరుగుదల లెక్కించకూడదు. కాబట్టి ఆ రోజు నుంచి వాళ్ళకు వయసు పెరగడం ఆగిపోయింది. గోళ్ళు పెరగలేదు, చెప్పులు అరగలేదు. ఆ విభాగం ఉన్న ఐదో అంతస్తులో ఒకాయన పంటినొప్పి తగ్గనూ లేదు, పెరగనూ లేదు.

“సూడు హైమా, నెలైంది రంగెయ్యక. ఒక్క తెల్ల ఎంట్రుక గూడ బయిటికి రాలె,” అంది యశోద, క్యాంటీన్లో టిఫిన్ డబ్బా మూత తీస్తూ.

జక్కుల యశోద ఆ విభాగంలో టెస్టింగ్ సూపర్‌వైజరు. నల్లగొండ పక్కనుంచి వచ్చిన మనిషి. ఇంట్లో భర్త, ఇద్దరు కూతుళ్ళు, అత్తగారు. పదకొండేళ్ళ కిందట ఒకనాడు క్యాంటీన్లో చోటు దొరక్క హైమవతి ఎదురుగా కూర్చుంది. మర్నాడు చోటున్నా అక్కడే కూర్చుంది. ఆ తరవాత వాళ్ళిద్దరూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఒంటిగంట కాగానే కిటికీ పక్క బల్ల దగ్గర డబ్బాలు తెరిచేవారు, అంతే.

“ఇయ్యాల గూడ బెండకాయేనా? ఒక్కదానివి ఎంతకని వండుకుంటవ్, ఇగో పచ్చిపులుసు పోసుకో,” అని యశోద గిన్నె జరిపేది. హైమవతి వద్దనేది. యశోద పోసేది.

మొదటి సంవత్సరంతో పని మొదలైంది. క్యాంటీన్ టోకెన్లు, తలుపు దగ్గర కార్డు పెట్టిన వేళలు, సెలవు చీటీలు, వార్షికోత్సవం ఫొటోలు అన్నీ హైమవతి బల్ల మీదికి వచ్చాయి. ఫొటోలో మూడో వరసలోంచి యశోదను తీసేస్తే కుర్చీ మిగిలింది. ఆ కుర్చీ కూడా అమ్మిన ఆస్తుల జాబితాలో ఉందని, విభాగాన్ని కొన్నవాళ్ళు రాశారు. కుర్చీని కూడా తీసేసి, అటూ ఇటూ ఉన్నవాళ్ళను దగ్గరికి జరిపింది. క్యాంటీన్ రిజిస్టరులో ‘బల్ల 14, ఇద్దరు’ అని ఉన్నచోటల్లా ‘ఒకరు’ అని దిద్దింది. అలాంటివి రెండువేల నాలుగువందల పైచిలుకు ఉన్నాయి. ఆవిడ చేతిరాత మొదటినుంచీ చక్కగా ఉండేది. చివరి పేజీల్లో కూడా అది చెడలేదు.

“ఏ ఏడుదాంక వచ్చినవ్?” అని యశోద రోజూ అడిగేది, పక్కింటివాళ్ళ ఇల్లు ఎంతవరకూ కట్టారని అడిగినట్టు.

“నాలుగో ఏడు. మనం ముప్ఫయ్యొక్క రోజులు మాట్లాడుకోలేదు చూడు, అక్కడున్నా.”

“అయ్యి గూడ తీసేస్తరా?”

“అవీ తీసెయ్యాలి. నువ్వు లేకపోతే నీతో మాట్లాడకపోవడం కూడా ఉండదుగా.”

యశోద కాసేపు నమిలింది. “అయినా ఎందుకు మాట్లాడలేదే మనం?”

“నా పుట్టినరోజు మర్చిపోయావని.”

“ఓ, దానికా!” అని యశోద నవ్వింది. హైమవతి కూడా నవ్వింది. ఆ నవ్వు ఈ ఏటిది. దాన్ని మార్చిలోగా తీసేయాలని హైమవతి చీటీ మీద రాసుకుంది.

ఏడో సంవత్సరం దగ్గర పని ఆగింది. ఆ ఏడు ఆగస్టులో హైమవతికి గర్భసంచి తీసేశారు. ఆసుపత్రిలో మూడు రోజులుంది. ఆపరేషన్ ముందు కాగితం మీద బంధువు సంతకం చేయవలసిన చోట యశోద చేసింది. ‘సంబంధం’ అన్నచోట ఏం రాయాలో ఆలోచించి, ‘మా హైమ’ అని రాసింది. నర్సు ఇదేం సంబంధమమ్మా అంటే, “ఉన్నదే రాసిన,” అంది. మూడు రోజులూ మంచం పక్కన బల్ల మీద పడుకుంది. ఆ మూడు రోజులకూ యశోద జీతంతో కూడిన సెలవు పెట్టింది. జీతం సెన్సర్ల విభాగం ఖర్చు. ఖర్చు తీసేస్తే ఆ మూడు రోజులూ తీసేయాలి. ఆపరేషన్ మాత్రం హైమవతిది కనుక ఉంటుంది.

ఆవిడ ఫైలు పట్టుకుని ఆడిటరు పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన డెబ్బై దగ్గరపడుతున్న పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. చిన్నాచితకా విషయాలకు సవరణ అక్కర్లేదనీ, ఐదు నిమిషాల లోపువి ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చనీ ఆయనే నిర్ణయించాడు.

“ఆ మూడు రోజుల్నీ ఐదేసి నిమిషాల లోపు ముక్కల కింద విడగొట్టానండి,” అంది హైమవతి. “మంచినీళ్ళు తాగించడం రెండు నిమిషాలు. దిండు సర్దడం ఒక నిమిషం. జడ వెయ్యడం నాలుగు. ఏదీ ఐదు దాటదు.”

పరాంకుశం గారు కళ్ళజోడు తీశాడు. “ఒకే రకం విషయాలన్నీ కలిపే చూడాలమ్మా. మీకు నేను చెప్పాలా?”

“తెలుసండి.”

“మరి?”

హైమవతి ఫైలును ఆయన ముందుకు జరిపింది. ఆయన కాసేపు చూసి, సొరుగులోంచి ఒక నమూనా కాగితం తీశాడు. “ఒక దారుంది. ఆ మూడు రోజులూ మీకు లెక్కలోకి రానంత అల్పమైనవని మీరు రాసి సంతకం చేస్తే, నేను అలాగే ఉంచేస్తాను. విలువ ఎంతో చెప్పవలసింది మీరే గదా. ఇందులో నా పూచీ ఏమీ లేదు.”

కాగితం మీద నాలుగు వాక్యాలే ఉన్నాయి. ‘పై ఘటన వలన నా స్థితిలో చెప్పుకోదగ్గ మార్పు ఏదీ కలగలేదని ధ్రువీకరిస్తున్నాను’ అన్నది మూడోది.

మర్నాడు క్యాంటీన్లో దాన్ని యశోదకు చూపించింది. యశోద రెండుసార్లు చదివింది.

“పెట్టు సంతకం. కాగితం మీదనే గద, పోయేదేముంది? ఉంటయి గదా మనకు.”

“నీకుండవుగా. కొన్నవాళ్ళ పుస్తకాల్లో నువ్వు జనవరి ఒకటిన మొదలవుతావు.”

“నాకింట్ల నలుగురున్నరే. నీకే...” అని యశోద ఆగిపోయింది. తరవాత గిన్నె జరిపింది. “పెట్టు హైమా. నేను జెప్తున్న.”

“చెప్పుకోదగ్గ మార్పు కలగలేదని రాయాలి యశోదా. ఎట్లా రాస్తాను? కళ్ళు తెరిచేసరికి నువ్వు బల్ల మీద ముడుచుకుని పడుకునున్నావు. నోరు తెరుచుకుని. ఓహో, నాక్కూడా ఒకళ్ళున్నారన్నమాట అనుకున్నాను. అంతకుముందు నలభై ఐదేళ్ళూ అట్లా అనుకోలా.”

“నోరు తెరుసుకోనా?”

“ఆఁ.”

“ఆ ముచ్చట ఎన్నడూ జెప్పకపోతివి,” అని యశోద తల దించుకుని అన్నం కలిపింది. చాలాసేపు కలిపింది కానీ తినలేదు.

హైమవతి ఆ కాగితాన్ని వారం రోజులు చేతిసంచిలో ఉంచుకుంది. మెట్రోలో తీసి చదివేది. ఇంటి దగ్గర కుక్కరు ఈల వేసేదాకా చదివేది. ఒకసారి కలం మూత కూడా తీసింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆవిడ తప్పు లెక్క మీద సంతకం పెట్టలేదు. శుక్రవారం పొద్దున సంతకం లేని కాగితాన్ని పరాంకుశం గారికి తిరిగి ఇచ్చేసింది.

“దీనికి ఇంత విలువ కట్టకుండా ఉంటే మీకే మిగిలేది,” అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుంటూ.

“అవునండి.”

ఆ మూడు రోజులూ పోయాయి. ఆసుపత్రి కాగితంలో బంధువు సంతకం చోటు ఖాళీ అయింది. అలా ఖాళీగా ఉన్నా ఆపరేషన్ ఎలా చేశారని ఆసుపత్రివాళ్ళు అడగలేదు. మొత్తం పదకొండేళ్ళలో హైమవతి నిజాయితీగా అల్పమని రాయగలిగింది ఒక్కటే దొరికింది. ఒక వానాకాలం సాయంత్రం, పార్కింగు దగ్గర హైమవతి చెప్పు తెగితే యశోద తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి పట్టీకి గుచ్చింది. రెండు నిమిషాలు. పరాంకుశం గారు దాని పక్కన టిక్కు పెట్టాడు. పేరు మాత్రం ఉంచకూడదన్నాడు. ‘ఒక వ్యక్తి’ అని రాశారు.

ఇక అడుగున వేయవలసిన అంకె మిగిలింది. పచ్చిపులుసు, నవ్వులు, మాట్లాడిన రోజులు కలిపి, మాట్లాడని ముప్ఫయ్యొక్క రోజులూ, చేతి బదుళ్ళూ, ఎదురుచూపులూ తీసేసి, పన్ను కూడా పోగా హైమవతి ఒక అంకె తేల్చింది. మూడుసార్లు సరిచూసింది. ప్రతిసారీ అంతే వచ్చింది.

డిసెంబరు ముప్ఫయ్యొకటిన ఐదో అంతస్తువాళ్ళు తమ సామాను అట్టపెట్టెల్లో సర్దుకున్నారు. కొన్నవాళ్ళ బస్సులు కింద ఆగాయి. యశోద లిఫ్టు దగ్గరిదాకా వచ్చి హైమవతి చెయ్యి పట్టుకుంది.

“పొద్దుగాల తిని బయలెల్లు. ఉత్త కడుపుతోని మెట్రో ఎక్కకు,” అంది.

“నువ్వూ జాగ్రత్త.”

“నాకేమైతది. రేపటికెల్లి మల్ల వయసు మొదలైతది, గంతే.”

హైమవతి ఇంకేదో చెప్పబోయింది. కానీ ఏం చెప్పినా అది కూడా మార్చిలో తనే తీసేయాలని గుర్తొచ్చి ఊరుకుంది. ఏప్రిల్ ఇరవై ఏడున డైరెక్టర్లు సంతకాలు పెట్టారు. ఆ మధ్యాహ్నం ఒంటిగంటకు హైమవతి క్యాంటీన్‌కు వెళ్ళి, పద్నాలుగో బల్ల దగ్గర రోజూలాగే ఒక్కతే కూర్చుని బెండకాయ కూర తింది.

జూన్‌లో ఒక ఆదివారం బాపట్ల నుంచి చెల్లెలు శ్యామల ఫోను చేసింది. జ్ఞాపకాలు సవరించుకోమని ఉద్యోగుల బంధువులకు కంపెనీ పంపిన ఉత్తరం వాళ్ళింట్లో టీవీ వెనక ఎక్కడో ఉంది, ఆమె విప్పలేదు.

“అక్కా, నీ ఫ్రెండొకావిడ ఉండాలి కదా, నీ ఆపరేషనప్పుడు ఫోనులో నాతో మాట్లాడింది. పేరు నోట్లోనే ఉంది. ఎట్లా ఉందావిడ?”

“ఎవరూ? ఆపరేషనప్పుడు నేనొక్కదాన్నేగా ఉంది.”

“మరి నాతో మాట్లాడిందెవరే?”

“నర్సయి ఉంటుంది.”

శ్యామల అంతటితో వదల్లేదు. “నీ గొంతు అదోలా ఉందే. ఒంట్లో బాగుందా? ఈమధ్య ఏమన్నా అయిందా?”

ఏమీ కాలేదనే హైమవతికి తెలుసు. అయినా చెల్లెలి మాట కొట్టిపారేయడం ఎందుకని లేచి, ప్రతి ఉద్యోగికీ కంపెనీ ఇచ్చే వార్షిక నివేదికను అలమారలోంచి తీసి కళ్ళజోడు పెట్టుకుంది. ఎడమవైపు ఈ ఏడు, కుడివైపు నిరుడు. భోజనాలు, ఒక్కతే. పండగలు, ఒక్కతే. రెండు వైపులా వరస వెంట వేలు పోనిచ్చింది. అడుగున ‘నిలిపివేసిన కార్యకలాపాలు’ అని ఒక అంకె కనిపించింది. పెద్ద అంకే. అది దేనికి సంబంధించిందో వివరం లేదు, ఉండనక్కర్లేదు కూడా. వేలు కాసేపు దాని మీదే ఉంది.

“ఏమీ కాలేదు శ్యామలా,” అంది. “నిరుడెట్లా ఉన్నానో ఇప్పుడూ అట్లాగే ఉన్నా. తేడా ఏమీ లేదు.”

“హమ్మయ్య! కొత్తగా ఏం దిగులొచ్చిపడిందో అనుకున్నా,” అని శ్యామల ఊపిరి పీల్చుకుని, మామిడికాయ ముక్కలు ఆరబోసే పనుందంటూ ఫోను పెట్టేసింది.