దాటి, వెనక్కి రావలసిన నీరు

ప్రపంచంలో ఏ వస్తువూ నేరుగా వచ్చి తన చోట ఆగరాదని మా నీటి మండలి కిందటి శరత్తులో ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆగవలసిన చోటును ముందు కాస్త దాటాలి, దాటినందుకు సిగ్గుపడాలి, సిగ్గుపడి వెనక్కి రావాలి, అప్పుడు ఆగాలి. దీనికి తుళ్ళింత అని పేరు. (ఉద్యోగులకు ఇది వర్తించదు. మేము ఒకచోట ఆగి చాలా ఏళ్లయింది.)

సముద్రమట్టం కన్నా పల్లంలో ఉండే మా ఫ్రీస్‌లాండ్‌లో మండలి పని రెండు రకాలు. నీటిని ఉండవలసిన చోట ఉంచడం ఒకటి, అది ఎంతవరకు వచ్చిందో జనానికి చెప్పడం రెండోది. చెప్పే పని నా శాఖది. ఇన్నేళ్లూ మా తెర మీదా, ఇంటింటి టీవీలోనూ ఒక నీలం గీత ఉండేది, అది కాలువలో నీరు. దాని పైన ఒక నల్ల గీత, అది కాలువ కట్ట. నీలం కింద ఉన్నంతసేపు జనం కాఫీ తాగేవారు. నల్లదాన్ని అందుకుంటే గొర్రెలను చర్చి దిబ్బ ఎక్కించేవారు. అంతకు మించి వాళ్లు ఏమీ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ఇంత తేలిగ్గా అర్థమయ్యేది ప్రభుత్వ సమాచారం ఎలా అవుతుందని కట్టదొరగారికి అనుమానం వచ్చింది. (మండలి అధ్యక్షుణ్ణి మేము కట్టదొర అనే అంటాం. బిరుదు చాలా పాతది. దాన్ని పెట్టుకున్న మనిషి మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగా ఉండాలనుకుంటాడు.) ఆయన ఆమ్‌స్టర్‌డామ్ నుంచి యోరిట్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. తెర మీద బొమ్మలకు కదలిక నేర్పడం అతని వృత్తి. నిలబడి మాట్లాడేటప్పుడు కూడా మడమల మీద కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుండేవాడు. మా రెండు గీతలనూ చూసి, ఆస్పత్రి వరండాలో బంధువులతో మాట్లాడినట్టు గొంతు తగ్గించాడు.

"ఇది చనిపోయిందండీ."

"ఎవరు?" అన్నారు కట్టదొరగారు కంగారుగా.

"గీత."

"ఎప్పుడు?"

"అసలు పుట్టిందెప్పుడండీ! కదలదు, మెదలదు. జనం ప్రేమించడానికి ఇందులో ఏముంది చెప్పండి?"

"నీటిమట్టాన్ని ప్రేమించాలా?" అన్నాను నేను.

"అదిగో, మీ ఇబ్బందంతా అక్కడే ఉంది," అంటూ యోరిట్ నా వంక జాలిగా చూశాడు. అతను చూశాడు కదా అని కట్టదొరగారు కూడా జాలిగా చూశారు.

కొత్త చిత్రం తయారైంది. అందులో మొదట ఒక నీటిచుక్క కనిపిస్తుంది. మనం ఆ చుక్కలోకి దూరితే ఒక కన్ను, కంట్లోకి దూరితే భూగోళం, భూగోళంలోకి దూరితే మా జిల్లా. అంత దూరం తిరిగి ఇంటికే వచ్చామని తెలిసేలోపు బంగారు దుమ్ము లేచి మా మండలి చిహ్నంగా పేరుకుంటుంది. (నీటి మండలికి దుమ్మెందుకని అడిగాను. ఈమధ్య అందరి చిత్రాల్లోనూ దుమ్మే పెడుతున్నారని యోరిట్ చెప్పాడు.) తర్వాత ఆవగింజంత తలలు, తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లాంటి చేతులు ఉన్న ఊదారంగు మనుషులు వచ్చి, వరదను చూసి నవ్వుతూ చెయ్యి ఊపుతారు. ఆ పైన తెర పాడైనట్టు వణికి, రంగులు పక్కకు జరుగుతాయి. పాత తెర నిజంగా అలాగే వణికేది. దాన్ని బాగుచేయించడానికి నేను తిరగని గుమ్మం లేదు. ఇప్పుడు ఆ జబ్బునే కొని తెచ్చుకున్నాం. మొన్న తీసిన కాలువ దృశ్యం మీద తాతల నాటి ఫిల్ము గీతలు, వెంట్రుకలు పడతాయి. అక్షరాలు ఒక్కొక్కటే చెట్టు మీంచి రాలినట్టు రాలతాయి, చదివేలోపు ఎగిరిపోతాయి. అంకెలు సున్నా దగ్గర మొదలై గిర్రున తిరుగుతాయి.

ఇవన్నీ అయ్యాక, మిగిలిన కాస్త సమయంలో, నీలం గీత వస్తుంది. సర్రున లేచి నల్ల గీతను దాటి, వెనక్కి వచ్చి, కింద కుదురుకుంటుంది.

"అదేంటి, కట్ట దాటింది?" అన్నాను.

"తుళ్ళిందండీ."

"నీళ్లు కట్ట దాటినట్టు కనబడిందయ్యా!"

"క్షణమే కదా! ఆ క్షణంలోనే ఉంది ప్రాణమంతా."

కట్టదొరగారు చప్పట్లు కొట్టారు. బిస్కెట్ల డబ్బా అందరి ముందుకూ ఒకసారి వచ్చి, మూత పడింది. మా దగ్గర మూత పడిందంటే తీర్మానం అయినట్టే.

నవంబరులో మొదటి గాలివాన వచ్చింది. మా మండలి పరిధిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్నది బౌక్యె అనే రైతమ్మ కొట్టం. సరిగ్గా కాలువ కట్ట వెనకాలే ఉంటుంది. అందులో చెక్క పెట్టెల నిండా విత్తనపు దుంపలు ఉన్నాయి. అవి బజారులో దొరికే రకం కాదు. ఆవిడ భర్త డుర్క్ బతికినన్నాళ్లూ ఆ రకాన్నీ ఈ రకాన్నీ కలిపి సృష్టించిన బంగాళాదుంప అది. ఊళ్లో దాన్ని డుర్క్ దుంప అనే అంటారు. డుర్క్ పోయాడు, దుంప మిగిలింది. ఏటా విత్తనం దాచే ఆ కొట్టం తప్ప దానికి ఈ భూమ్మీద వేరే చోటు లేదు.

బౌక్యె చిన్నప్పటి నుంచి నీలం గీతను చూసి బతికిన మనిషి. ఆ రోజు నీలం నల్లదాన్ని దాటడం చూసింది. అది వెనక్కి వచ్చి కుదురుకునేసరికి ఆవిడ ఒంటి మీద కోటు, కాళ్లకు బూట్లు ఉన్నాయి. పొరుగువాళ్ల ట్రాక్టరు తెచ్చి, పెట్టెలన్నీ ఎక్కించి, చర్చి దిబ్బ మీదికి చేర్చి, టార్పాలిన్ కప్పింది. నీరు రాలేదు. మంచు వచ్చింది. సగం దుంపలు గడ్డకట్టి నల్లబడ్డాయి.

ఆ వారంలోనే మా కార్యాలయానికి వచ్చి, కోటు జేబులోంచి ఒక దుంప తీసి నా బల్ల మీద పెట్టింది. అది మెత్తగా కూలబడింది.

"ఏమయ్యా, నీళ్లు కట్ట దాటాయా, లేదా?"

"దాటలేదమ్మా."

"మీ తెర మీద దాటాయి."

"అది... తుళ్ళిందమ్మా."

"నీళ్లు తుళ్ళడమేంటి? పెళ్లయిన కాడ్నుంచీ ఆ కాలువ పక్కనే ఉన్నా. రావడం చూశా, పోవడం చూశా. తుళ్ళడం ఎన్నడూ చూళ్ళేదు!"

యోరిట్ లోపలి గదిలోంచి పరుగున వచ్చాడు. "మీరు భలే స్పందించారండీ! చూడగానే మీలో ఒక భావం కలిగిందంటే..."

"కలిగింది భావం కాదు నాయనా, నడుం నొప్పి. ఆ తుళ్ళింత తీసేస్తావా, లేదా?"

"తీస్తే గీత చచ్చిపోతుందండీ."

"చావనీ. దాని దినానికి కాఫీ, కేకు నేను పెడతా."

నాకు నవ్వొచ్చింది. బల్ల మీది దుంపను చూశాక ఆగిపోయింది.

విషయం సమావేశానికి వెళ్లింది. అందరూ ఒప్పుకుంటే తప్ప మేము ఏదీ నిర్ణయించం, అందరూ సమానంగా విసిగిపోతే తప్ప ఎవరూ ఒప్పుకోరు. తుళ్ళింత తీసేద్దామన్నాను. తీస్తే మండలి మీద జనానికి ఆత్మీయత తగ్గుతుందన్నారు. ఊరికే గీతలు రెండూ గీసి చూపిద్దామన్నాను. మళ్లీ వెనకటి కాలానికా అన్నారు. చివరికి చిత్రాన్ని మార్చనక్కర్లేదని, జనాన్ని మారిస్తే సరిపోతుందని తేల్చారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వ్యవహారం. కొత్త నిబంధన ఇలా వెలువడింది: "నీలి గీత నల్ల గీతను దాటినట్లు కనిపించినచో పౌరులు తొందరపడరాదు. అది వెనుకకు వచ్చువరకు ఆసీనులై వేచియుండవలెను."

ఊరి సమావేశ మందిరంలో శిక్షణ పెట్టారు. నిబంధనను వివరించే చిత్రం కూడా వేశారు. (దాని అక్షరాలూ చదివేలోపే ఎగిరిపోయాయి. నోటితో చెప్పాల్సి వచ్చింది.) యోరిట్ చెయ్యి పైకెత్తితే రైతులందరూ "తుళ్ళింత" అని, దించితే "హమ్మయ్య" అని అనాలి. బౌక్యె ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా నేర్చుకుంది. నేర్చుకోకపోతే మళ్లీ కొట్టంలోకి చేర్చిన మిగతా సగం కూడా పోతుందని ఆవిడ భయం.

"సరే, దాటితే కంగారుపడకూడదు. కూర్చోవాలి. అంతేనా?"

"అంతే అమ్మా! ఎంత బాగా పట్టేశారు!"

"మరి వెనక్కి రాకపోతే?"

యోరిట్ హాయిగా నవ్వాడు. "ఎందుకు రాదండీ! చేసింది నేనే కదా!"

జనవరిలో వాయవ్యం గాలి పట్టుకుంది. అది పట్టుకుంటే సముద్రం మా నీళ్లు తీసుకోదు, కాలువలు పొంగుతాయి. ఒక మధ్యాహ్నం నేను కార్యాలయంలో తెర ముందు కూర్చున్నాను. చుక్క వచ్చింది, కన్ను వచ్చింది, భూగోళం వచ్చింది. దుమ్ము లేచింది. ఊదా మనుషులు చెయ్యి ఊపారు. అంకెలు తిరుగుతున్నంతసేపూ నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు నీలం గీత లేచి, నల్లదాన్ని దాటి, ఇంకా పైకి వెళ్లి, కాస్త వెనక్కి వచ్చి, నల్లదానికి పైనే కుదురుకుంది.

బౌక్యెకు ఫోన్ చేశాను.

"అమ్మా, నీళ్లు కట్ట దాటాయి! దుంపలు తీయించండి!"

"చూశా నాయనా. కూర్చునే ఉన్నా."

"కూర్చోకండి! ఇది తుళ్ళింత కాదు!"

"కాస్త వెనక్కి వచ్చిందిగా? ఇంకాస్త వస్తుందిలే. మొన్న మీరేగా నేర్పారు."

"అమ్మా, నా మాట వినండి, నిజంగానే..."

"మొన్న పరిగెడితే పరిగెత్తావేంటన్నారు. ఇవాళ కూర్చుంటే కూర్చున్నావేంటంటున్నారు. నీ మాట నమ్మాలా, మీ తెర నమ్మాలా? ఒక్కటి తేల్చి చెప్పవయ్యా."

నేను తెర మీది రెండు గీతలనూ మళ్లీ చూశాను. అవతల కుర్చీ కిర్రుమంది.

"ఆగు," అంది. "కాళ్ల కింద చల్లగా ఉంది." ఫోన్ ఎక్కడో పడిన చప్పుడైంది.

ఆవిడకు ఏమీ కాలేదు. గొర్రెలకూ ఏమీ కాలేదు. మంచు వదిలేసిన సగం దుంపలు నీళ్లలో కుళ్లిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. డుర్క్ దుంప ఇప్పుడు ఎక్కడా లేదు.

విచారణ సంఘం వేశారు. చిత్రంలో లోపం లేదని, పౌరురాలు నిబంధనను తు.చ. తప్పక పాటించిందని సంఘం తేల్చింది. తప్పంతా నీటిదని రాసింది: "నీరు నిబంధన మేరకు దాటెను గాని, నిబంధన మేరకు వెనుకకు రాలేదు."

ఆవిడకు మండలి తరఫున క్షమాపణ చెప్పాలని కూడా సంఘం సిఫారసు చేసింది. క్షమాపణ అంటే మాకు మరో చిత్రం. జనానికి చూపించే ముందు మర్యాద కోసం బౌక్యెను పిలిచి, నా గదిలో తెర ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కట్టదొరగారు ఒక పక్క, యోరిట్ ఒక పక్క నిలబడ్డారు. చుక్క, కన్ను, భూగోళం అయ్యాయి. ఊదారంగు దుంపలు చిన్న చిన్న తలలతో నవ్వుతూ చెయ్యి ఊపాయి. ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టింది. చివరి దృశ్యంలో నీరు ఆవిడ కొట్టంలోంచి మెల్లగా బయటికి పోయింది. పోయి, నిబంధన ప్రకారం, మరోసారి కాస్త లోపలికి వచ్చింది.

బౌక్యె కుర్చీలో కూర్చునే కాళ్లు పైకి తీసుకుంది.