పత్తికొండ అతి ప్రశాంతం

రాష్ట్ర నిఘా వ్యవస్థను వేళ్ళతో సహా పెకలించి కొత్తగా నాటుతామని ప్రభుత్వం ప్రకటించింది. ఇటువంటి వైఫల్యం మళ్ళీ జరిగితే సహించేది లేదని మంత్రిగారు స్వయంగా చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన కొత్త చొక్కాలో ఉన్నారు. పాతది సాక్ష్యంగా సీలు వేసి పంపించారు.

జరిగిందేమిటంటే, మంత్రిగారు టమోటా జ్యూస్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేయడానికి పత్తికొండ వెళ్ళారు. ఆ ఫ్యాక్టరీకి అది మూడో శంకుస్థాపన. మొదటి రెండు రాళ్ళూ చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నాయి కాబట్టి పనులు నాణ్యంగా జరిగాయనే చెప్పాలి. అయినా రైతులు ట్రాక్టర్ల కొద్దీ టమోటాలు తెచ్చి రోడ్డు మీద పారబోసి, కారుకు అడ్డంగా కూర్చున్నారు. మంత్రిగారు మూడు గంటలపాటు కారు అద్దాలు ఎత్తుకుని ప్రజల మధ్య గడిపారు. ఒక్క నిమిషం దిగారు. ఆ నిమిషంలోనే చొక్కా సాక్ష్యమైంది.

ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదని రాష్ట్రమంతా అడిగింది.

చెప్పినవాడు ఒకడున్నాడు. పేరు ఓబుళేశు, పత్తికొండలో నిఘా విభాగం హెడ్ కానిస్టేబుల్. ఇరవై రెండేళ్ళుగా మఫ్టీలోనే తిరుగుతున్నాడు. అతను మఫ్టీలో ఉన్నాడన్న సంగతి ఊరందరికీ తెలుసు. అందువల్ల పనికి చాలా సౌకర్యంగా ఉండేది, ఎవరికి కోపం వచ్చినా నేరుగా అతని దగ్గరకే వచ్చి చెప్పుకునేవారు. మంత్రి రాకకు నాలుగు రోజుల ముందు గురమ్మ అనే రైతు మార్కెట్ గేటు దగ్గర అతణ్ణి ఆపింది. ఆ ఏడు పంట కోయడం కూడా దండగని చేన్లోనే వదిలేసిన మనిషి ఆమె.

"ఓబుళేశూ, రాసుకో. ఈసారి రాయి పాతనియ్యం. కాయలు పారబోసి రోడ్డు మీద కూచుంటాం. మళ్ళా మాకు తెలీదని మీవోళ్ళు అనగూడదు."

"ఎంతమంది వస్తారక్కా?"

"మంచం దిగలేనోళ్ళు తప్ప అందరం."

ఓబుళేశు ఉన్నదున్నట్టు రాసి పంపాడు.

విచారణకు వచ్చిన ఏకసభ్య కమిటీ పేరు ఉమామహేశ్వరరావుగారు. రిటైర్డ్ ఉన్నతాధికారి. భద్రత మీద పద్దెనిమిది దేశాల్లో ఉపన్యాసాలిచ్చినవారు. పత్తికొండ రావడం మాత్రం ఇదే మొదలు.

"ఫీల్డ్ లెవెల్లో ఫెయిల్యూర్ ఎందుకు జరిగింది?" అని గెస్ట్ హౌస్‌లో అడిగారాయన.

"ఫెయిల్ కాలేదు సార్. ముందే పంపినా. కాపీ ఉండాది."

కమిటీ ఫైలు తెప్పించింది. ఓబుళేశు రాసింది: 'రైతులు కోపంగా ఉన్నారు. రోడ్డు మీద టమోటాలు పారబోస్తారు.' పై ఆఫీసులో అది, 'రైతులు ఆవేశంగా ఉన్నారు. రోడ్డు మీద టమోటాలు పోస్తారు' అయింది. జిల్లాలో ఆవేశం కాస్తా ఉద్వేగమైంది. రాజధానికి చేరేసరికి, 'రైతులు ఉప్పొంగిపోతున్నారు. దారి పొడవునా టమోటాలు పరిచి మంత్రిగారికి స్వాగతం పలుకుతారు' అని తేలింది.

ఉమామహేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తప్పు దొరికింది," అన్నారు.

ఓబుళేశు గుండె తేలికపడింది.

"నీ దగ్గరే. నువ్వు 'కోపం' అని రాయబట్టే కదా, ముగ్గురు ఆఫీసర్లు టైం వేస్ట్ చేసుకుని దిద్దాల్సి వచ్చింది? కోపం అనేది ఒపీనియన్. మాకు ఫ్యాక్ట్స్ కావాలి. సరే, నీకు ఈ సంగతి చెప్పిందెవరు? పేరు చెప్పు, సన్మానం చేస్తాం."

ఓబుళేశు తలుపు వైపు చూశాడు. సన్మానం చేయడానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు బయట జీపులో కూర్చుని ఉన్నారు.

"ఊరంతా చెప్పింది సార్."

"ఊరంతా అంటే కాలమ్‌లో పట్టదు. చెప్పకపోతే నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

ఓబుళేశుకు ఇంట్లో భార్య, చదువుకునే కూతురు గుర్తొచ్చారు. అయినా, "ఊరే సార్," అన్నాడు.

నెల తిరగకుండా కమిటీ మూడు వందల పేజీల నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం అన్ని సిఫార్సులనూ ఆమోదించింది. రిపోర్టును దిద్దే ఆఫీసులు మూడు చాలవని అయిదు చేశారు. చేత్తో రాసే పద్ధతి తీసేసి ఒక యాప్ తెచ్చారు. అందులో మూడు బటన్లు: ప్రశాంతం, చాలా ప్రశాంతం, అతి ప్రశాంతం. ఎవరూ ఏదీ నొక్కకపోతే మూడోదే పడుతుంది. ఓబుళేశును ఊరూరా తిరిగే పని నుంచి తప్పించి కర్నూలులోని కొత్త కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టారు. పత్తికొండలో అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. దాంతో పత్తికొండ రాష్ట్రంలోకెల్లా అతి ప్రశాంతమైన ఊరుగా నమోదైంది.

కంట్రోల్ రూమ్ ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. గోడంత స్క్రీన్ మీద రాష్ట్రమంతా పచ్చగా మెరుస్తోంది. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక కూడా చప్పుడు ఆగలేదు. ఓబుళేశు కిటికీలోంచి తొంగి చూశాడు. ఆవరణ నిండా ట్రాక్టర్లు. ముందు ట్రాక్టర్ మీద గురమ్మ నిలబడి ఉంది.

అతను ధైర్యం చేసి మంత్రిగారి దగ్గరకు వెళ్ళాడు. "సార్, పత్తికొండోళ్ళు బయట ఉండారు. మీతో మాట్లాడాలంటాండారు."

మంత్రిగారు స్క్రీన్ చూశారు. "పత్తికొండ పత్తికొండలోనే ఉండాది కదప్పా! ఎంత పచ్చగా ఉండాదో చూడు."

"ఒక్కసారి ఇట్ల చూడండి సార్."

మంత్రిగారు వచ్చి చూశారు. ఆయన ముఖంలో రంగు మారింది.

"వీటిని ఈడ పెట్టిందెవరు?"

"ట్రాక్టర్లనా సార్?"

"కిటికీలను."

మర్నాటికల్లా భద్రతా సంస్కరణల రెండో విడత మొదలైంది. మేస్త్రీ వచ్చాడు. కిటికీలు మూయించే పనిని దగ్గరుండి చూసుకోమని ఓబుళేశుకు రాతపూర్వకంగా ఆదేశాలిచ్చారు. రైతులు ఇంకా బయటే ఉన్నారు. సాయంత్రానికి చివరి కిటికీలో ఒక్క ఇటుక పట్టే సందు మిగిలింది. ఆ సందులో గురమ్మ ముఖం కనిపించింది.

"ఓబుళేశూ, మా మాట పైకి చెప్పినావా?"

"చెప్పినా అక్కా."

"ఏమన్నారు?"

మేస్త్రీ చెయ్యి చాపి, "ఇటుక అందియ్యండి సార్," అన్నాడు.

ఓబుళేశు అందించాడు.