పదకొండు మీటర్ల సైకిల్ దారి

మానవ నాగరికత నిప్పుతో మొదలై, చక్రంతో ముందుకు సాగి, చివరికి మా హాథర్బీ పట్టణ కౌన్సిల్ వేసిన సైకిల్ దారితో సంపూర్ణమైంది. దాని పొడవు పదకొండు మీటర్లు. మాంసం కొట్టు ముందు మొదలై వీధిదీపం స్తంభం దగ్గర ముగుస్తుంది. (ముగుస్తుంది అనడం కంటే గుద్దుకుంటుంది అనడం న్యాయం.)

ఆ దారిని నిజంగా వాడిన మనిషి ఒక్కతే. పేరు వినిఫ్రెడ్ టాన్స్‌లీ. ఇంటింటికీ తిరిగి పుళ్లకు కట్లు కట్టే నర్సు. ఇరవై ఏళ్లుగా సైకిలే ఆమె వాహనం. మార్చిలో ఒక వాన పొద్దున, స్తంభాన్ని తప్పించబోయి రోడ్డు మీదికి తిప్పింది. వెనక బస్సు. బస్సును తప్పించబోయి స్తంభాన్నే గుద్దుకుంది. కుడి మణికట్టు విరిగింది.

మూడో రోజు గ్రిమ్‌షా అనే ముసలి రోగి, కాలికి కట్టు మార్చేవాళ్లు లేక, తనే కుంటుకుంటూ ఆమె ఇంటికొచ్చాడు.

"ఏం తల్లీ, నీకే కట్టేశారట?"

"నవ్వింది చాల్లే పెద్దాయనా. కాలు చాపు. ఈ కట్టు కొస నువ్వు పట్టుకో."

"ఇలా ఎన్నాళ్లు? పోయి ఆ కౌన్సిల్ వాళ్లని నిలదియ్యి!"

నిలదీయడానికి వెళ్లింది. కౌన్సిల్ వారి సైకిల్ ప్రోత్సాహక సంఘం అధ్యక్షుడు క్లైవ్ ఆటర్‌షా అరగంట ఆలస్యంగా వచ్చాడు. (కారు ఆపడానికి చోటు దొరకలేదు.)

"ఆ స్తంభమైనా జరపండి, దారైనా వంతెన దాకా పొడిగించండి" అంది వినిఫ్రెడ్.

"స్తంభం వేరే శాఖదమ్మా. దారి మాది. రెండూ కలిసే చోటు ఎవరిదో ఇంకా తేలలేదు."

"తేలిందండీ. నా మణికట్టుది."

ఆటర్‌షా ఆ మాటను సమావేశం మినిట్స్‌లో రాయించాడు. "పొడిగిస్తే నాలుగు కార్లు ఆపే చోటు పోతుంది. ఊరంతా నా మీద పడుతుంది. అసలు ఆ దారిని ఎంతమంది వాడుతున్నారో ముందు తెలియాలి కదా."

తెలుసుకోవడానికి ఇద్దరు ఉద్యోగులు మడత కుర్చీలు, టీ ఫ్లాస్కు తెచ్చుకుని ఆరు వారాలు స్తంభం పక్కన కూర్చున్నారు. ఆ ఆరు వారాలూ వినిఫ్రెడ్ చెయ్యి పిండికట్టులో ఉంది. నివేదిక వచ్చింది: సైకిళ్లు, సున్నా. ప్రమాదాలు, సున్నా. ఇతర వాహనాలు, మూడు. (రెండు పిల్లల తోపుడు బండ్లు, ఒక బాతు.)

మొదటి సున్నాను బట్టి దారి పొడిగించనక్కర్లేదని తీర్మానించారు. రెండో సున్నాను బట్టి అది జిల్లాలోకెల్లా సురక్షితమైన సైకిల్ దారి అని ప్రకటించారు. రెండూ ఏకగ్రీవమే.

ఈలోగా వినిఫ్రెడ్ కాలినడకన తిరిగింది. రోజుకు పదిమందిని చూసే మనిషి నలుగురిని చూడగలిగింది. పుండు చీము పట్టి గ్రిమ్‌షా ఆసుపత్రిలో చేరాడు. అది ఏ శాఖ నివేదికలోకీ రాలేదు.

జూన్‌లో ఆ సురక్షితమైన దారికి జిల్లా పురస్కారం వచ్చింది. టౌన్ హాల్లో సభ. పిండికట్టు విప్పించుకున్న వినిఫ్రెడ్, నాలుగు మాటలు అడిగి కడిగేద్దామని సైకిల్ మీదే బయలుదేరింది. గేటు దగ్గర కాపలాదారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"సైకిల్ ఇక్కడ పెట్టకూడదమ్మా."

"మరెక్కడ పెట్టను?"

"ఇంట్లో పెట్టి రండి. ఇవాళ లోపల సైకిల్ పండగ."