సార్ గొంతు పోయిన రోజు

ఒక పెద్ద అడవిలో చాలా చిన్న వకీలు ఆఫీసు ఒకటుండేది. దాని యజమాని జంబుకేశ్వర్రావు అనే నక్క. ఆయన కింద ఇద్దరే ఉద్యోగులు: గుమాస్తా కూర్మయ్య అనే తాబేలు, జూనియర్ చారుమతి అనే ఉడుత.

"ఇది ఆఫీసు కాదమ్మా, మన కుటుంబం," అన్నాడు నక్క, చారుమతి మొదటిసారి వచ్చిన రోజున. ఆ మాట విన్నాక కూడా ఆమె చేరింది. ఆమె చేసిన మొదటి తప్పు అదే.

పిటిషన్లన్నీ చారుమతి రాసేది. సంతకం నక్క పెట్టేవాడు. కోర్టులో మాత్రం ఆమెను ఒకే ఒక్క వాక్యం పలకనిచ్చేవాడు: "మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, దయచేసి వాయిదా ఇప్పించండి." వాదించడం నేర్పితే జూనియర్లు సొంత బోర్డు పెట్టుకుని క్లయింట్లను పట్టుకుపోతారని ఆయన భయం. ఆ భయానికి ఆయన పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

"సార్, ఒక్క కేసు నన్ను వాదించనివ్వండి," అని ఆమె ఏటా అడిగేది.

"తొందరేముందమ్మా? ఇంకా చిన్నదానివి," అనేవాడు. అలా ఆరేళ్లు గడిచాయి. ఉడుతల లెక్కన అది సగం జీవితం.

ఇంతలో నక్క సొంత గుహ మీదే దావా పడింది. అది తన తాతదని ఒక దుమ్ములగొండి కోర్టుకెక్కింది. నక్క అలవాటుకొద్దీ వాయిదాల మీద వాయిదాలు లాగాడు. చివరికి ఏనుగు జడ్జి గారికి విసుగొచ్చి, "ఇదే ఆఖరిది. ఈసారి వాదించకపోతే తీర్పు ఇచ్చేస్తాను," అన్నారు.

ఆ రోజు రానే వచ్చింది. ఫైలుకు కట్టిన దారం ముడి వంకరగా ఉందని నక్క పొద్దున్నే కూర్మయ్య మీద విరుచుకుపడ్డాడు. గంటసేపు ఏకధాటిగా అరిచాడు. కూర్మయ్య తల లోపలికి లాక్కుని హాయిగా కూర్చున్నాడు. నక్కకే గొంతు పోయింది.

"చారుమతీ... నువ్వే... వాదించు," అన్నాడు పీలగా.

ఆమె ఎగిరి గంతేసింది. కేసు మొత్తం కంఠతా వచ్చు. ఆ కాగితాలు రాసింది తనేగా. నక్కను ముందు బెంచీలో కూర్చోబెట్టి, గౌను సర్దుకుని లేచింది. కోర్టంతా ఆమె వైపే చూసింది. నోరు తెరిచింది.

"మా సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, దయచేసి వాయిదా ఇప్పించండి!"

జడ్జి గారు కళ్లజోడు సవరించుకున్నారు. "మరి ఆ ముందు బెంచీలో చేతులూపుతున్నదెవరమ్మా?"

చారుమతి బెదిరిపోయింది. వాదన మనసులో ఉంది, నాలుక మీదికి రాలేదు. మళ్లీ అదే వాక్యం, ఇంకాస్త వినయంగా చెప్పింది. గుహ దుమ్ములగొండికి పోయింది.

బయటికొచ్చాక నక్క పళ్లు కొరుకుతూ, "నీకు నోరు లేదా?" అని బుసకొట్టాడు.

"ఉండేది సార్," అంది చారుమతి, కళ్లు తుడుచుకుంటూ. "చేరిన రోజే మీరు లాక్కున్నారు."

అలా మొదలుపెట్టి, ఆరేళ్ల సంగతంతా అరగంటసేపు తడుముకోకుండా వాదించింది. నక్కకు గొంతు లేదు కాబట్టి ఎదురు చెప్పలేకపోయాడు. పక్కన నిలబడి విన్న రెండు కుందేళ్లు తమ కేసు ఆమెకే ఇస్తామన్నాయి.

నక్క మర్నాడే ఓ పొద కింద బోర్డు పెట్టాడు: జూనియర్ కావలెను, నోరు లేనివారికి ప్రాధాన్యం. మధ్యాహ్నానికల్లా పదకొండు దరఖాస్తులొచ్చాయి.

నీతి: కిందివాళ్ల నోరు నొక్కేవాడికి ఇల్లు పోవచ్చుగానీ, కిందివాళ్ల కొరత మాత్రం ఏనాడూ ఉండదు.