కెమెరా క్షేమం

గురువారం ఉదయం చేయవలసిన పనులు: ఐదింటికి లేవాలి. మంచం కోడుకు కట్టిన గొలుసు విప్పి కెమెరా సంచీ చూసుకోవాలి. మాసిన బట్టలు ఉతకడానికి ఇవ్వాలి. గదికి తాళం వేయాలి. తాళం పడిందో లేదో లాగి చూడాలి. ఫోటోగ్రాఫరు ముందు వెళ్లి వీధి మలుపులో అనుమానం కలిగించేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూసి రావాలి. తాళం మళ్లీ లాగి చూడాలి. దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. ఎవరైనా టైమెంతని అడిగితే చెప్పకూడదు. పదింటికల్లా గ్రంథాలయం చేరాలి. కెమెరాతో సహా తిరిగి రావాలి.

పదకొండు పనుల ఈ జాబితా రాసింది కాలేజీ స్టోర్‌కీపరు. ఫోటోలు తీయడమనే పని అందులో ఎక్కడా లేదని ఫోటోగ్రాఫరు గమనించాడు. పరాయి దేశంలో పొద్దున్నే పెద్దాయనతో వాదన ఎందుకని ఊరుకున్నాడు.

వాళ్లిద్దరూ అంత దూరం వచ్చింది పన్నెండు కాగితాల కోసం. కాలేజీలో నలభై ఏళ్లు పాఠం చెప్పి రిటైరైన పెద్దమాస్టారు ఒక పాత చేతిరాత నిఘంటువును శుద్ధప్రతి చేస్తున్నారు. అందులో 'హ' అక్షరం పుటలు మాత్రం ఎప్పుడో చేతులు మారి ఈ దేశపు గ్రంథాలయానికి చేరాయి. నకళ్లు పంపమని మాస్టారు ఐదేళ్ల కింద ఉత్తరం రాశారు. జవాబు లేదు. ఈలోగా ఆయన చూపు తగ్గడం మొదలైంది. ఎంతకాలం ఉంటుందో చెప్పలేమని, ఏ నెల గడిస్తే ఆ నెలే లాభమని కంటి డాక్టరు తేల్చేశాడు. ఫోటోగ్రాఫరు ఆయన శిష్యుడే. ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాడు. పాత రాతను కూడబలుక్కుని చదవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. బయల్దేరే ముందు వెళ్లి కాళ్లకు దండం పెడితే మాస్టారు ఒకటే అన్నారు.

"ఆ పన్నెండు కాగితాలూ నా కళ్లతో నేను చదువుకుంటే చాలురా. ఆ తర్వాత ఈ కళ్లు ఉంటే ఎంత, పోతే ఎంత."

ప్రిన్సిపాలు కొత్తగా దరఖాస్తు పెట్టి అనుమతి తెప్పించారు. గురువారం పదినుంచి పదకొండు, ఒక్క గంట. వాడే కెమెరా నంబరు అనుమతి పత్రంలోనే అచ్చయింది. మరో కెమెరా గానీ, ఫోను గానీ పనికిరాదు. ఆ కెమెరా కాలేజీ మొత్తానికి ఉన్న ఒకే ఒక మంచి కెమెరా. స్టోర్‌కీపరు సంతకం మీద ఉన్న సామాను ఆయన లేకుండా గేటు దాటకూడదన్నది కాలేజీ పెట్టిన నియమం కాదు, ఆయన పెట్టుకున్న నియమం. అందుకని ఆయనా వచ్చాడు. మొలతాడుకు తాళంచెవుల గుత్తి కట్టుకుని తిరిగే మనిషి కాబట్టి కాలేజీలో అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. ఎదురుపడితే మాత్రం సార్ అంటారు. విమానం ఎక్కాక ఫోటోగ్రాఫరుకు ఆయన బాబాయ్ అయ్యాడు.

అక్కడి దొంగలు ఒంటిమీద చొక్కా ఉండగానే బనీను కొట్టేస్తారని ఆఫీసులో ఎవరో ఆయన చెవిన వేశారు. అప్పటినుంచి తాళాలాయనకు కంటిమీద కునుకు లేదు. ఏదైనా పోయినా అంతా పోకూడదని కెమెరాను విడగొట్టాడు. కెమెరా, లెన్సు ఒక సంచీలో. బ్యాటరీ కుడికాలి మేజోడులో. ఫోటోలు ఎక్కే చిన్న కార్డును చొక్కా కాలరులో పెట్టి కుట్టేశాడు. రైల్లో దొంగలున్నారు జాగ్రత్త అని మైకులో చెప్పినప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా కాలరు, మేజోడు, సంచీ వరసగా తడుముకునేవాడు. ఏది ఎక్కడుందో పెట్టెలో ఉన్నవాళ్లందరికీ ఆయనే చూపిస్తున్నాడని ఫోటోగ్రాఫరు మెల్లగా చెప్పి చూశాడు. తడుముకోకపోతే ఉందో లేదో ఎలా తెలుస్తుందని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. రోజూ సాయంత్రం ప్రిన్సిపాలుకు మాత్రం రెండు మాటల సందేశం వెళ్లేది: 'కెమెరా క్షేమం.'

బుధవారం సాయంత్రం ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. హోటలు కౌంటరులో కూర్చునే ఆవిడ దగ్గరికి వెళ్లి, ఫోటోగ్రాఫరు చేత ఇంగ్లీషులో అడిగించి, ఒక అట్టముక్క మీద వాళ్ల భాషలో పెద్ద ఎర్రక్షరాలతో రాయించుకున్నాడు: 'మూత్ర నమూనాలు. ముట్టుకోవద్దు.' దాన్ని సంచీకి జిగురుతో అంటించాడు. ఏ దొంగ ముట్టుకుంటాడో చూస్తానన్నాడు. పైన మూడంకెల తాళం బిగించి, ఎవరూ ఊహించకూడదని అంకె మార్చి, ఎవరికీ దొరకకూడదని ఎక్కడా రాసుకోలేదు.

గురువారం ఉదయం అంతా జాబితా ప్రకారమే నడిచింది. ఫోటోగ్రాఫరు వీధి మలుపు దాకా వెళ్లాడు. పాల సీసాలు దించే మనిషి, కుక్కను తిప్పే ముసలావిడ తప్ప అనుమానించదగ్గవాళ్లు కనబడలేదు. తాళాలాయన సంచీని కౌంటరు పక్కన దించి, ఏడో పని కోసం మళ్లీ మెట్లెక్కాడు. రెండు నిమిషాల్లో దిగి వచ్చేసరికి సంచీ లేదు.

ఫోటోగ్రాఫరు వెనక్కి వచ్చేసరికి తాళాలాయన నేలమీద కూర్చుని ఉన్నాడు. కౌంటరావిడ ఆయనకు మంచినీళ్లిచ్చి, అనునయంగా ఏదో చెబుతోంది. ఆవిడ చెప్పింది విన్నాక ఫోటోగ్రాఫరుకూ కూర్చోవాలనిపించింది. పాపం, పెద్దాయన జబ్బుమనిషి. నమూనాలు ఎక్కువసేపు బయట ఉంటే పాడైపోతాయి. అందుకని ఆ దారినే ఆస్పత్రికి వెళ్తున్న ఒక నర్సుకిచ్చి ల్యాబుకు పంపించానని, డబ్బులేమీ ఇవ్వనక్కర్లేదని ఆవిడ చెప్పింది.

ల్యాబులో వీళ్ల ముందు నలభై ఆరుమంది ఉన్నారు. సంచీ గాజు కిటికీ అవతల బల్లమీద, పసుపుపచ్చ సీసాల వరసలో కనబడుతూనే ఉంది. వంతు వచ్చేసరికి తొమ్మిదింబావు అయింది. లోపల ఉన్నది కెమెరా అని ఫోటోగ్రాఫరు నిజం చెప్పాడు. ల్యాబు మనిషి సంచీ మీద అట్టను చదివాడు, ఇతని మొహం చూశాడు, కాపలాదారును పిలిచాడు. తాళం వేసి, అబద్ధపు పేరు రాసి ఆస్పత్రిలోకి సంచీ పంపేవాళ్లను ఏ దేశంలోనైనా కాపలాదారుకే అప్పజెప్తారు. తాళాలాయన గబుక్కున ముందుకొచ్చాడు.

"నావే అని చెప్పరా."

"ఏవి బాబాయ్?"

"అవే. అట్టమీద ఉన్నవే. మనిషి పరువు పోతే పోయింది, సామాను దక్కాలి."

ఫోటోగ్రాఫరు చెప్పాడు. అయితే తెరవండి అన్నాడు ల్యాబు మనిషి. తాళాలాయన తాళం పట్టుకున్నాడు. పుట్టినరోజు వేసి చూశాడు. ఉద్యోగంలో చేరిన తేదీ వేశాడు. పెళ్లిరోజు వేద్దామంటే అది ఎప్పుడూ గుర్తులేదు. ఊహకందని అంకె పెట్టడంలో ఆయన ఎంత నెగ్గాడంటే అది ఆయన ఊహకూ అందలేదు. చివరికి ల్యాబు మనిషి విసిగిపోయి, తాళం లేని నమూనా ఒకటి ఇచ్చి ఈ సంచీ తీసుకుపొమ్మన్నాడు. తాళాలాయన చిన్న సీసా పట్టుకుని తలవంచుకుని మరుగుదొడ్డి వైపు నడిచాడు. కంగారులో ఉన్న మనిషికి అదేమీ వెంటనే అయ్యే పని కాదు. ఫోటోగ్రాఫరు గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. పది గంటలకు అయిదు నిమిషాలుండగా సంచీ చేతికొచ్చింది.

పరుగున గ్రంథాలయం చేరేసరికి పది ఇరవై. మూత్ర నమూనాలు లోపలికి పట్టుకెళ్లడానికి వీల్లేదన్నాడు ద్వారం దగ్గరి మనిషి. అట్ట ఊడదీద్దామంటే దొంగలు ఊడదీయకుండా పూసిన జిగురు యజమానికి మాత్రం ఎందుకు లొంగుతుంది? పది నిమిషాలు గోళ్లతో గీకితే అక్షరాలు పోయి, చదవడానికి వీల్లేని ఎర్రమచ్చ మిగిలింది. ద్వారం మనిషి సంచీ వాసన చూసి, ఫోను తీసుకుని, లోపలికి పోనిచ్చాడు.

చదువుకునే గదిలో గ్రంథాలయాధికారిణి మెత్తటి గుడ్డ పరిచి పన్నెండు కాగితాలూ పేర్చి ఉంచింది. ఆవగింజల్లాంటి అక్షరాలు. మాస్టారు నలభై ఏళ్లుగా చూడాలనుకుంటున్న పుటలు బారెడు దూరంలో ఉన్నాయి. సమయం పదీ ముప్ఫై రెండు. ఫోటోగ్రాఫరు నేలమీద కూర్చుని తాళాన్ని సున్నా సున్నా సున్నా నుంచి మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. తాళాలాయన పక్కనే కూర్చుని, తప్పు చేసిన పిల్లాడిలా అంకెలు లెక్కపెట్టాడు. నాలుగువందల పన్నెండు దగ్గర తాళం టక్కుమంది. పదీ యాభై. కెమెరాకు లెన్సు తగిలించాడు. మేజోడులోంచి వచ్చిన బ్యాటరీని లాగుకు తుడిచి పెట్టాడు. చెయ్యి చాపాడు.

"కార్డు, బాబాయ్."

తాళాలాయన కాలరు తడుముకున్నాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు.

"ఆ చొక్కా పొద్దున ఉతకడానికి ఇచ్చేశాను రా. జాబితాలో మూడో పని."

ఫోటోగ్రాఫరు గడియారం చూశాడు. తిట్టడానికి కూడా టైము లేదు. బల్లమీదున్న పెన్సిలు తీసుకుని, అనుమతి పత్రం వెనక్కి తిప్పి, మొదటి కాగితం నకలు రాయడం మొదలుపెట్టాడు. మూడు మాటలకు అర్థాలు రాశాడు. నాలుగో మాట సగంలో ఉండగా గంట కొట్టింది. అధికారిణి పెన్సిలు మీద మెత్తగా చెయ్యి వేసి ఆపి, కాగితాలు ఒక్కొక్కటీ పెట్టెలో పెట్టేసింది.

ఫోటోలు తీయబడలేదు అని రాసుకోవడానికి ఆవిడ దస్త్రం తెరిచింది. వెనక పుటల్లో ఏదో చూసి ఆగింది. మీరు ఎందుకు ఇంత దూరం వచ్చారని అడిగింది. ఇవే పన్నెండు పుటలను నకళ్ల విభాగం వాళ్లు ఫోటోలు తీసి, మీ కాలేజీకే పంపారు కదా అంది. రెండేళ్ల నాలుగు నెలలైంది. అందినట్టు రసీదు కూడా తిరిగొచ్చింది. ఆ రసీదును ఫోటోగ్రాఫరు ముందుకు జరిపింది. కింద ఒక సంతకం ఉంది, తాడుకు ముడి వేసినట్టు. కాలేజీలో కుర్చీ తీసుకున్నా, సుద్దముక్కల డబ్బా తీసుకున్నా, దాని పక్కన పడే సంతకం అది.

తాళాలాయన ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు. తిరుగు ప్రయాణంలో కెమెరా సంచీని అందరి సామానుతో పాటు పై అరలో పడేసి, ఇంటికి చేరేదాకా ఒక్కసారి కూడా తలెత్తి దానివైపు చూడలేదు. ప్రిన్సిపాలుకు సందేశం కూడా వెళ్లలేదు.

దిగిన రోజే ఇద్దరూ స్టోరు గదికి వెళ్లారు. మూడో బీరువా, అడుగు అర, సీలు వేసిన గుడ్డసంచీలో అట్టకవరు. దుమ్ము కూడా పడలేదు. మీద పరాయి భాషలో ఎర్రటి ముద్ర.

"ఇది వచ్చినప్పుడు దీనిమీద ఏం రాసుందో విదేశీ భాషలు చెప్పే మేడాన్ని అడిగాను," అన్నాడు తాళాలాయన. "జాగ్రత్త అని రాసుందని చెప్పింది. అందుకని జాగ్రత్త చేశాను."

రెండేళ్ల కింద పెద్దమాస్టారు పత్రిక చివరి పేజీ ప్రకటనలు కూడా అద్దాలు లేకుండా చదివేవారు. ఇప్పుడు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, భూతద్దం పట్టుకుని, ఫోటోను కంటికి ఆనించుకుని చూశారు. వెలుతురు వైపు తిప్పి చూశారు. రెండోది తీసుకున్నారు, మూడోది తీసుకున్నారు. పన్నెండూ అయ్యాక భూతద్దం ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇవి నువ్వు తీసినవేనా?"

ఫోటోగ్రాఫరు గుమ్మంలో నిలబడ్డ తాళాలాయన వైపు చూశాడు. ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"అవునండీ మాస్టారూ."

"బాగా తీసుంటావు. మసక నా కంటిదే." మాస్టారు గుమ్మం వైపు తిరిగారు. అక్కడ ఎవరో ఉన్నారని మాత్రమే ఆయనకు తెలుస్తోంది. "స్టోర్‌కీపరు గారేనా? కెమెరాకు చిన్న గీత కూడా పడకుండా తెచ్చారటగా. అంత జాగ్రత్త ఎవరికుంటుంది బాబూ. కూర్చోండి."

తాళాలాయన కూర్చోలేదు. ఫోటోగ్రాఫరు మొదటి ఫోటో తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. తప్పు చదివిన చోట వేలెత్తి ఆపారు.

ఆ పరాయి దేశంలో ఒక్క దొంగ కూడా వాళ్ల జోలికి రాలేదు. మీరు ఇంట్లోనో ఆఫీసులోనో ఏదైనా వస్తువు జాగ్రత్త చేసేటప్పుడు పెద్దమాస్టారిని ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ వస్తువు ఎక్కడ పెట్టారో, అది కూడా.